అపోహలు - వాస్తవాలు: పదోవంతు ఇచ్చేశాక మిగిలినది ఎవరిది?

సంఘంలో కోశాధికారిగా పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆదివారం కానుకలు లెక్కపెట్టడం, రసీదులు సర్దడం ఒక పని. ఇంటి ఖర్చులు చేయి దాటిపోయి, ఏం చేయాలో తోచక వచ్చే కుటుంబాల పక్కన కూర్చుని వాళ్ల లెక్కలు చూడటం ఇంకో పని. ఈ రెండో పనిలోనే నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. గృహనిర్వాహకత్వం, అంటే దేవుడు మన చేతికి అప్పగించినదాన్ని నమ్మకంగా చూసుకోవడం, అనగానే మనకు కానుకల సంచి ఒక్కటే గుర్తొస్తుంది, అందులో వేసేశాక దేవుడితో లెక్క తేలిపోయిందనుకుంటాం. నా బాధంతా ఆ తర్వాత ఇంట్లో మిగిలే దాని గురించే. జీతం, నీళ్లు, కరెంటు, రోజులో ఉండే గంటలు, ఒంట్లో ఓపిక, వీటి సంగతి సంఘంలో ఎవరూ అడగరు, వాక్యం మాత్రం అడుగుతుంది. నేను తరచూ వినే మాటలు ఒక్కొక్కటే పెట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: పదోవంతు దేవునిది, మిగతా తొమ్మిది వంతులు నావి.

భూమియు దాని సంపూర్ణతయు యెహోవావే అని 24వ కీర్తన మొదటి వచనంలోనే ఉంది. లేవీయకాండము 25:23లో దేవుడు ఇశ్రాయేలీయులతో భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులుగా ఉన్నవాళ్లు అంటాడు. అంటే వాళ్లు దున్నుకునే పొలం కూడా వాళ్ల సొంతం కాదన్నమాట. మన బైబిల్లో గృహనిర్వాహకుడు అని ఉన్నచోట గ్రీకులో ఒయికోనొమోస్ అనే మాట ఉంటుంది. యజమాని ఇంటిని నడిపే మనిషి అని దాని అర్థం. తాళాలు అతని చేతిలో ఉంటాయి, ఇల్లు మాత్రం అతనిది కాదు. 1 కొరింథీయులకు 4:2లో పౌలు అలాంటి మనిషి నమ్మకంగా ఉండాలని అంటాడు. అక్కడ ఆయన మాట్లాడుతున్నది సువార్త పరిచర్య గురించే, అయినా ఇంటికైనా పరిచర్యకైనా కొలత ఒకటే.

ఒకసారి ఒక జంట వచ్చారు. ఇద్దరూ ఉద్యోగస్తులు, నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండదు. భర్త ఒక నోటు పుస్తకం తెచ్చాడు. ప్రతి నెలా కొత్త పేజీ, పైన స్కేలు పెట్టి గీసిన గీత, ఆ గీత మీద 'దశమభాగం' అని రాసి టిక్కు పెట్టి ఉంది. కింద పేజీ అంతా ఖాళీ. "మిగతాది ఎటు పోతుందో తెలియట్లేదన్నా" అంది ఆ చెల్లెమ్మ. ఫోన్లో బ్యాంకు మెసేజులు తెరిచి, మూడు నెలలవి ముగ్గురం కూర్చుని ఆ ఖాళీ పేజీల్లోకి ఎక్కించాం. రెండు గంటలు పట్టింది. గడువు దాటి కట్టిన వాయిదాల మీద జరిమానాలు, ఎవరూ చూడని చందాలు, నిద్రపట్టక అర్ధరాత్రి ఫోన్లో కొన్న వస్తువులు బయటపడ్డాయి. పెద్ద దుబారా ఒక్కటీ లేదు, అన్నీ చిన్నవే. ఆమె పెన్ను పక్కన పెట్టి, "దీనికోసం ఉపవాసం కూడా ఉన్నానన్నా, ఇక్కడుందని తెలియక" అంది.

జీతం చినిగిపోయిన సంచిలో వేసినట్టుంది అని హగ్గయి 1:6లో ఉంది కదా. హగ్గయి ప్రవక్త ఆ మాట అన్నది మందిరం పని వదిలేసిన వాళ్లతో, కాబట్టి దాన్ని తెచ్చి ఈ జంటకు అంటించడం సరికాదు, వీళ్లు మందిరానికి ఇచ్చేవాళ్లే. కానీ చిల్లి ఎక్కడుందో చూసుకోవడం కూడా దేవుని పనే అని ఆ రోజు ముగ్గురికీ తెలిసింది.

అపోహ: అప్పు చేసైనా ఇవ్వాలి, దేవుడు రెట్టింపు చేసి తిరిగిస్తాడు.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను ఇందులో పడి లేచిన మనిషిని.

ఈ మాటకు ఆధారంగా ఎప్పుడూ మలాకీ 3:10 చూపిస్తారు, పదోవంతు అంతా నా మందిరపు నిధిలోకి తీసుకురండి, నేను పట్టలేనంత దీవెన కుమ్మరిస్తానో లేదో చూడండి అని దేవుడు అనే వచనం. ఆ వచనాన్ని నేను తక్కువ చేయను, అది దేవుని మాట. కానీ అక్కడున్న మందిరపు నిధి నిజంగా ధాన్యం నిల్వచేసే గది. మందిర సేవ చేసే లేవీయులకు స్వాస్థ్యంగా భూమి లేదు కాబట్టి వాళ్ల తిండి ఆ గదిలో ఉండేది (సంఖ్యాకాండము 18:21-24). జనం ఇవ్వడం మానేస్తే ఏమైందో నెహెమ్యా 13:10లో ఉంది, లేవీయులు పరిచర్య వదిలేసి ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడో ఏట ఇచ్చే పదోవంతు లేవీయుడితో పాటు పరదేశికీ, తండ్రి లేనివాడికీ, విధవరాలికీ చేరాలి. పండిన దానిలోంచి ఇవ్వమన్నాడు, పండని దాన్ని అప్పు తెచ్చి ఇవ్వమని ఎక్కడా లేదు. పౌలు ఇదే మాట సూటిగా చెప్పాడు, 2 కొరింథీయులకు 8:12 చూడండి, ఒకడు ఇచ్చేది తనకు ఉన్నదాన్ని బట్టే ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు.

చాలా ఏళ్ల కిందట ఒక కూటంలో ప్రసంగీకుడు అడిగినప్పుడు నేను ఆవేశంగా చేయెత్తి, నా స్తోమతకు మించిన మొత్తం రాసిచ్చాను. మాట పోకూడదని వడ్డీకి తెచ్చి కట్టాను. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. ఆ రోజుల్లో మా అమ్మ కళ్లజోడు కాడ విరిగిపోతే దారంతో కట్టుకుని అలాగే పెట్టుకునేది. ఆమె ఒకసారి అడిగింది, వచ్చే నెల అన్నాను. రెండోసారీ అదే మాట అన్నాను. మూడోసారి ఆమె అడగలేదు. దారం కట్టిన ఆ జోడుతోనే రోజూ పొద్దున్నే బైబిలు చదివేది, జారిపోతుంటే వేలితో పైకి నెట్టుకుంటూ. నేను ఎదురుగా కూర్చుని చూసేవాణ్ణి.

మార్కు 7:9-13 అప్పటికి ఎన్నిసార్లు చదివానో. తల్లిదండ్రులకు దక్కాల్సింది 'కొర్బాను' అని, అంటే దేవార్పితం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎంత గట్టిగా నిలదీశాడో తెలుసు. అది నాకే తగులుతుందని మాత్రం తట్టలేదు. 1 తిమోతి 5:8 ఇంకా కఠినంగా ఉంటుంది, సొంత ఇంటివాళ్లను పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అని.

ఇప్పుడు ఎవరైనా అప్పుతో నా దగ్గరికి వస్తే 2 రాజులు 4వ అధ్యాయం తీయమంటాను. విధవరాలి ఇంట్లో నూనె కుండ ఒకటే ఉంది, ఎలీషా మాటతో పాత్రలన్నీ నిండాయి. అంత అద్భుతం జరిగాక ప్రవక్త ఆమెకు చెప్పింది ఏంటంటే, నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ కొడుకులూ బతకండి అని. ఏడో వచనం. తనకేమైనా ఇమ్మని ఎలీషా అడగలేదు. దేవుడిచ్చిన నూనె మొదట వెళ్లింది అప్పులవాడికి, తర్వాత పిల్లల కడుపుకి. సేవకులైన వాళ్లందరూ ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక.

అపోహ: నాకు తలాంతులు లేవు, పాడటం రాదు, మాట్లాడటం రాదు.

మన సంఘాల్లో తలాంతు అంటే ప్రతిభ అనే అర్థం స్థిరపడిపోయింది. మత్తయి 25లో మాత్రం అది డబ్బు, అదీ భారీ మొత్తం. ఒక తలాంతుకి సుమారు 6,000 దేనారాలు. ద్రాక్షతోట ఉపమానంలో కూలివాడికి రోజుకి ఒక దేనారం ఇస్తారు కదా (మత్తయి 20:2), ఆ లెక్కన ఒక్క తలాంతు అంటే దాదాపు ఇరవై ఏళ్ల కూలి. అందరికన్నా తక్కువ అందుకున్నవాడి చేతికి కూడా ఇరవై ఏళ్ల కూలి వచ్చింది, దాన్ని తీసుకెళ్లి గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఇంకొకటి గమనించండి, ఐదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ యజమాని చెప్పిన మాట ఒక్కటే, 21వ వచనం, 23వ వచనం పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. మిమ్మల్ని పక్కవాళ్లతో పోల్చి ఆయన లెక్క అడగడు.

అపోహ: లెక్కలు రాయడం అంటే విశ్వాసం లేనట్టు.

ఈ మాట విన్నప్పుడల్లా నేను జార్జ్ ముల్లర్ గురించి చెబుతాను. ఇంగ్లండులోని బ్రిస్టల్లో అనాథ పిల్లల కోసం ఆశ్రమాలు నడిపిన మనిషి (1805-1898). ఆయన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లలు ఆ ఇళ్లలో పెరిగారు. అవసరం ఉందని మనుషుల్ని అడగకుండా ప్రార్థించేవాడు, విశ్వాసం గురించి మాట్లాడేవాళ్లంతా ఆయన పేరు తలుచుకుంటారు. ఆయనే వచ్చిన ప్రతి కానుకనూ రాసిపెట్టి, ఏటా లెక్కలు అచ్చువేయించేవాడు. ఈ సగం చాలామంది చెప్పరు.

పౌలు యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు దాన్ని ఒంటరిగా మోసుకెళ్లలేదు. తన జతపనివాడైన తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పంపాడు, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని (2 కొరింథీయులకు 8:18-21). అందుకే మా సంఘంలో కానుకల పెట్టె ఒక్కరే తెరవరు. ఇద్దరు లెక్కపెడతారు, మూడో మనిషి రాస్తాడు, ముగ్గురూ సంతకం పెడతారు. ఒకరోజు రెండో మనిషి రాకపోతే పెట్టెకు సీలు వేసి సోమవారం దాకా ఆగాం. "నా మీద నమ్మకం లేదా బ్రదర్" అని ఒకరు నొచ్చుకున్నారు కూడా. నమ్మకం ఉంది కాబట్టే, మీ మీద రేపు ఎవరూ వేలెత్తకుండా ఉండాలనే ఈ పద్ధతి అని చెప్పాను. మీ ఇంట్లో కూడా లెక్క భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు తీసుకున్న అప్పు వల్ల ఇంట్లో ప్రార్థనే ఆగిపోవడం నేను చూశాను.

అపోహ: పొదుపు చేయడం లోకాశ. డబ్బే కీడుకు మూలం.

1 తిమోతి 6:10లో ఉన్నది ధనాపేక్ష, ధనం కాదు. ఇక పొదుపు సంగతికి వస్తే, బైబిల్లో ధాన్యం నిల్వచేసినవాళ్లు ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఐగుప్తులో అధికారిగా ఉన్న యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లూ పంటలో ఐదోవంతు తీయించాడు. లూకా 12లోని ధనవంతుడు కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టించాలనుకున్నాడు. ఇద్దరూ దాచారు. ధనవంతుడి మాటల్లో నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి తప్ప ఇంకో మనిషి ఊసే లేదు, యోసేపు దాచింది కరువులో ఊళ్లకు ఊళ్లు తిన్నాయి. మీరు దాచే డబ్బు ఎవరి కోసమో మీకు తెలిస్తే చాలు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు ప్రసంగీకుడు జాన్ వెస్లీ డబ్బు వాడకం మీద చేసిన ప్రసంగంలో చేతనైనంత సంపాదించమని, పొదుపు చేయమని, ఇవ్వమని మూడూ చెప్పి, మొదటి రెండింటి దగ్గర ఆగిపోతే ఏమీ చేయనట్టే అన్నాడు.

అపోహ: ప్రభువు పనిలో అలసట మాట ఎత్తకూడదు.

ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దూత ముందు తిండి పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తిండి పెట్టాడు (1 రాజులు 19). శిష్యులకు తినడానికి కూడా తీరిక లేనప్పుడు ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోండి అని పిలిచింది యేసే (మార్కు 6:31). టెన్షన్‌తో నిద్ర పోగొట్టుకుని పరిచర్య చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దయచేసి ఈ రెండూ చదివి ఈ రాత్రి పడుకోండి.

అపోహ: నీళ్లు, కరెంటు, మిగిలిన అన్నం, ఇవన్నీ ఆత్మీయ విషయాలు కావు.

ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేల మంది పురుషులకు కడుపు నింపినవాడు, కావాలంటే మళ్లీ చేయగలిగినవాడు, ఏమీ నష్టపోకుండా మిగిలిన ముక్కలు పోగుచేయండి అన్నాడు. యోహాను 6:12. శిష్యులు వంగి ఏరితే పన్నెండు గంపలు నిండాయి. ఆదాముకు దేవుడిచ్చిన మొదటి పని కూడా తోటను సేద్యం చేయడం, దాన్ని కాయడం (ఆదికాండము 2:15).

ఒకసారి మందిరంలో రాత్రంతా ప్రార్థన పెట్టుకున్నాం. వానల కోసం ప్రత్యేకంగా ఒక గంట ప్రార్థించాం, చాలామంది కన్నీళ్లతో ప్రార్థించారు. మధ్యలో చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే కుళాయి కారుతోంది. నెలల నుంచి కారుతూనే ఉందట, అందరం చూశాం, ఎవరో ఒకరు చేయిస్తారులే అనుకున్నాం. చీకట్లో ఆ చుక్కల చప్పుడు వింటూ ఒక బకెట్ తెచ్చి కింద పెట్టి లోపలికి వచ్చాను. తెల్లారి వెళ్లి చూస్తే బకెట్ నిండి పొర్లిపోతోంది. పాస్టర్ గారిని పిలిచి చూపించాను, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే వెళ్లి పానా తెచ్చాడు. లోపల వాషర్ అరిగిపోయింది. కొత్తది వేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటినుంచి ఆదివారం ఆరాధన అయ్యాక మందిరానికి తాళం వేసే ముందు వెనక్కి వెళ్లి కుళాయిలన్నీ ఒకసారి చేత్తో పట్టుకుని చూసి వస్తాను.