“మా పామ్‌లో లేదు కదా!” – లైబ్రరీల మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: ఆ లైబ్రరీని మేం పామ్ ఫైల్‌లో (మావెన్ అనే బిల్డ్ టూల్‌కి కావాల్సిన లైబ్రరీల జాబితా రాసే ఫైల్) రాయలేదు, కాబట్టి మా అప్లికేషన్‌లో లేదు.

జావా ప్రాజెక్టుల బిల్డులు చూసుకునే నాకు ఈ మాట విని విని విసుగొచ్చింది. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలోని లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం బయటపడ్డ వారమైతే ఫోన్ కింద పెట్టనివ్వలేదు. “మేం వాడేది లాగ్‌బ్యాక్ అనే వేరే లాగింగ్ లైబ్రరీ అన్నా, మాకేం కాదు” అని ఒక టీమ్ లీడ్ గట్టిగా చెప్పాడు. డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని వెంట తెస్తుందో చూపే జాబితా) తీసి చూపించమన్నాను. బయటి వెండర్ ఇచ్చిన రిపోర్టింగ్ జార్ (జావా లైబ్రరీ ఫైల్) కింద, మూడో మెట్టులో, ఆ లోపం ఉన్న లాగ్‌ఫోర్‌జే-కోర్ 2.14.1 ఉంది. మీరు రాసినవి కొన్నే. అవి వెంటేసుకొచ్చేవే ఎక్కువ.

సరే, వెర్షన్ మార్చాలి. రెండు వెర్షన్లు తగిలితే మావెన్ కొత్తదాన్ని ఎంచుకుంటుందని చాలామంది నమ్మకం. గ్రేడిల్ అనే మరో బిల్డ్ టూల్ మామూలుగా అలాగే చేస్తుంది, మావెన్ చేయదు. ట్రీలో మీ ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్నదే దానికి కావాలి. దూరం సమానమైతే ముందు రాసినది. అంటే పాతదే లోపలికి రావచ్చు. అందుకే పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ భాగంలో వెర్షన్ మీరే రాసేసి, ట్రీ మళ్లీ తీయండి. షేడెడ్ జార్‌లు ఇంకో తలనొప్పి. వాటిలో క్లాసులు ముందే కలిసిపోయి ఉంటాయి కాబట్టి ట్రీలో పేరు కనిపించకపోవచ్చు. అప్పట్లో జార్‌లు విప్పి, లోపానికి మూలమైన జేఎన్‌డీఐలుకప్ క్లాస్ కోసం వెతికాం.

లోపాలు వెతికే స్కానర్ ఎర్రగా చూపించిందని కంగారుపడ్డ పిల్లల్నీ చూశాను, పాపం. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో మామూలుగా వచ్చేది లాగ్‌ఫోర్‌జే-ఏపీఐ. లోపం ఉన్నది కోర్‌లో. ఏపీఐ ఒక్కటే ఉంటే ఆ లోపం గురించి టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: లాగ్‌ఫోర్‌జే 1 వాడితే సేఫ్.

ఇది వాట్సాప్ జ్ఞానం. దానికి 2015 ఆగస్టులోనే సపోర్ట్ ఆగిపోయింది, అంటే లోపం బయటపడ్డా సరిచేసేవాళ్లు లేరు.

అపోహ: ఎప్పుడూ లేటెస్ట్ పెట్టుకుంటే చాలు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే టూల్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) దొరికింది అప్పటి లేటెస్ట్ వెర్షన్లలోనే, 5.6.0, 5.6.1.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే ఫ్రీ, షరతులేం ఉండవు.

గట్టి షరతులున్న ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఒకసారి చదవండి, వీలైతే మీ లీగల్ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని.

జావాస్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం అనే ప్యాకేజీ టూల్ వాడేవాళ్లు, కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్‌ని గిట్‌లో పెట్టండి. బిల్డ్ సర్వర్‌లో నడపాల్సింది ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ. లాక్ ఫైల్‌కీ ప్యాకేజ్ ఫైల్‌కీ పొంతన లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది.