పాత స్నోబ్లోయర్: చలికాలానికి ముందు తొలగవలసిన అపోహలు - వాస్తవాలు

మరమ్మతు కోసం నా దగ్గరకు వచ్చే పాత స్నోబ్లోయర్లలో (దారిలో పేరుకున్న మంచును తీసి దూరంగా విసిరే యంత్రాలు) చాలావాటికి ఇంజన్ చెడి ఉండదు. చెడినది నిరుటి నుంచి ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలు.

అపోహ: చోక్ వేస్తే నడుస్తోంది కాబట్టి ఇంజన్‌లో లోపమేమీ లేదు.

వాస్తవం: చల్లని ఇంజన్‌కు మొదట కొద్దిసేపు చోక్ అవసరం కావడం సహజమే. అయితే వేడెక్కిన తరువాత కూడా చోక్ తీయగానే ఆగిపోతున్నా, వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడుతున్నా, చాలావరకు కార్బ్యురేటర్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న భాగం) పూడుకుపోయి ఇంధనం చాలడం లేదని అనుమానించాలి. ప్లగ్ వైరు తీసి, పెట్రోలు వాల్వు కట్టేసి, కార్బ్యురేటర్ కింది గిన్నె విప్పితే అడుగున పసుపుపచ్చని జిగురు, ఒక్కోసారి నీటిబొట్లు కూడా కనబడతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది మరి. జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని గుండ్రని వెలుగుచుక్క కనబడాలి. కనబడకపోతే కార్బ్యురేటర్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి తప్ప, ఇనుప తీగతో పొడవకూడదు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా గాలి, పెట్రోలు మిశ్రమం పాళ్లు తప్పుతాయి.

అపోహ: స్టెబిలైజర్ పోస్తే పాత పెట్రోలు బాగుపడుతుంది.

వాస్తవం: అది తాజా పెట్రోలు త్వరగా చెడకుండా కాపాడుతుందే గాని చెడినదాన్ని బాగుచేయదు. పాతదాన్ని పూర్తిగా తీసేయవలసిందే.

అపోహ: షియర్ పిన్ మాటిమాటికీ తెగుతుంటే దాని స్థానంలో గట్టి బోల్టు బిగించడం మేలు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే పని ఇదే. ఆగర్‌కు (మంచును లోపలికి లాగే మరచుట్టు) రాయో, గడ్డకట్టిన మంచుదిమ్మో అడ్డుపడినప్పుడు తాను తెగి గేర్‌బాక్స్‌ను కాపాడడానికే ఆ పిన్నును మెత్తని లోహంతో చేస్తారు. గట్టి బోల్టు తెగదు. లోపలి గేరు పళ్లు విరుగుతాయి. అందువల్ల పాత యంత్రం కొనేముందు రెండు వైపులా ఉన్న పిన్నులను తప్పక చూడండి.

అపోహ: ఇంజన్ ఆపేస్తే చ్యూట్‌లో (మంచు బయటికి వెళ్లే గొట్టం) ఇరుక్కున్న మంచును చేత్తో తీయవచ్చు.

వాస్తవం: ఇంజన్ ఆగినా బెల్టులో బిగువు మిగిలి ఉండవచ్చు, అడ్డు తొలగగానే ఇంపెల్లర్ (మంచును చ్యూట్‌లోకి విసిరే రెక్కల చక్రం) ఒక్కసారి తిరిగి వేళ్లు తెగిపోయే ప్రమాదం ఉంది. ఇందుకోసమే చాలా యంత్రాలకు ప్లాస్టిక్ కర్ర ఒకటి తగిలించి ఇస్తారు. చేతులు మారిన యంత్రాల్లో ముందుగా పోయేది అదే కనుక, లేకపోతే మొదటి మంచు పడేలోపే ఒకటి సమకూర్చుకోండి.