ఒకే రాయిలో రెండు ప్రాణాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొండలెక్కి ఎంత వెతికినా శిలాజం దొరకదు. మన కొండల్లో ఎక్కువగా ఉండేవి ఖోండలైటు, చార్నొకైటు అనే రాళ్లు. ఖోండలైటు ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టే. కానీ దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ, ఒత్తిడికీ లోనై దాని రూపమే మారిపోయింది. ఆ మట్టిలో సూక్ష్మజీవుల జాడలేమైనా ఉన్నా అంత వేడికి మిగిలే అవకాశం లేదు. ఆ రాయి అరిగి నదుల్లో కొట్టుకొచ్చిన గార్నెట్ అనే ఎర్రటి ఖనిజపు రేణువులే కళింగపట్నం ఇసుకలో ఎర్రటి చారలుగా కనిపిస్తాయి.

అయినా శిలాజాల మీద ఇష్టం ఉన్న పిల్లల్ని నేను ఆ తీరానికే తీసుకెళ్తాను. రెండు మూడు జాతులు ఒకే రాయిలో కలిసి ఉన్న శిలాజాలను సేకరించాలంటే ముందు వాటిని చదవడం రావాలి. ఆ చదువు అక్కడి చిప్పల మీద వస్తుంది.

అలలు ఒడ్డుకు తోసిన పెద్ద ఆల్చిప్పను ఒకదాన్ని చేతిలోకి తీసుకోండి. వీపు మీద గరుకుగా తెల్లటి బొడిపెలు అతుక్కుని ఉంటాయి. అవి బార్నకిల్స్, రొయ్యకీ పీతకీ చుట్టాలు. వాటి పక్కన వంకరటింకరగా పాకిన సన్నటి సున్నపు గొట్టాలు ఒక రకం సముద్రపు పురుగుల ఇళ్లు. ఇప్పుడు చిప్పను తిప్పి లోపలి వైపు చూడండి. అక్కడ కూడా బార్నకిల్ ఉంటే, అసలు జీవి చచ్చిపోయి చిప్ప ఖాళీ అయ్యాకే అది వచ్చి చేరిందని అర్థం. బతికున్న ఆల్చిప్పకు లోపలి వైపు అంతా మెత్తటి ఒళ్లే కదా, అక్కడ బార్నకిల్‌కు చోటెక్కడిది? వీపు మీద మాత్రమే ఉంటే అంత గట్టిగా చెప్పలేం. కానీ చిప్ప అంచు ఆ గొట్టాన్ని తప్పించుకుంటూనో, కప్పేస్తూనో పెరిగి ఉంటే ఇద్దరూ ఒకే కాలంలో బతికారన్నమాట.

కొన్ని చిప్పలకు డ్రిల్లు వేసినట్టు గుండ్రటి రంధ్రం ఉంటుంది. బయట వెడల్పుగా మొదలై లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడితే అది నాటిసిడ్ కుటుంబానికి చెందిన వేట నత్త పని. నాలుక మీది పళ్లతో గీకుతూ, ఒక ద్రవంతో చిప్పను మెత్తబరుస్తూ గంటల తరబడి తొలిచి, లోపలి మాంసాన్ని తినేస్తుంది. రంధ్రం సగంలోనే ఆగిపోయిందంటే ఆ వేట పూర్తి కాలేదు. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలపు చిప్పల మీద కూడా ఇలాంటి రంధ్రాలు ఉన్నాయి. నత్త ఒళ్లు రాయిలో లేకపోయినా అది చేసిన పని ఉంది. నా లెక్కలో అదీ రెండు జాతుల శిలాజమే.

"మాస్టారూ, ఈ తెల్లటిదంతా గీకేస్తే చిప్ప బాగుంటాది కదా?" అని పిల్లలు అడుగుతారు. బాగానే ఉంటుంది. కాకపోతే ఎవరు ముందు వచ్చారు, ఎవరు ఎవరి మీద బతికారు అన్న సాక్ష్యం ఆ గీకుడుతో పోతుంది. శిలాజాన్ని శుభ్రం చేసేటప్పుడు జరిగే పెద్ద నష్టం ఇదే.

ఈ విషయంలో మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీ దగ్గర 1980లలో భూవిజ్ఞాన శాస్త్రవేత్త ధనంజయ్ మొహబే ఒక డైనోసార్ గూడును వెలికితీశారు. అందులో గుడ్లు, చిన్న ఎముకలు ఉన్నాయి. ఆ ఎముకలన్నీ డైనోసార్ పిల్లవే అనుకున్నారు. 2001లో అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ విల్సన్ ఆ రాళ్లను చూసి, కొన్ని వెన్నుపూసలు పామువని గుర్తుపట్టారు. 2010లో వివరాలు ప్రచురించి ఆ పాముకు సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. పాము పొడవు సుమారు 3.5 మీటర్లు, పక్కనున్న పిల్ల అర మీటరు. పాము పగిలిన గుడ్డును చుట్టుకుని ఉంది. దాని దవడలు ఇప్పటి కొండచిలువల దవడల్లా సాగేవి కావు కాబట్టి గుడ్డును మింగే వీలు దానికి లేదు, అప్పుడే బయటికొచ్చిన పిల్ల కోసం వచ్చి ఉంటుంది. అంతలో ఇసుకా బురదా వచ్చి అన్నిటినీ కప్పేశాయి. ఇది సుమారు 6.7 కోట్ల ఏళ్ల నాటి సంగతి. పాములు గుడ్ల పక్కనే ఉన్న శిలాజాలు అక్కడ మరికొన్ని దొరకడంతో ఇది కాకతాళీయం కాదన్న నమ్మకం బలపడింది. అందంగా ఉన్న గుడ్లను మాత్రం ఏరుకుని, చుట్టూ ఉన్న రాయిని పారేసి ఉంటే ఇదంతా మనకు తెలిసేదే కాదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అలాగని కలిసి దొరికినవన్నీ కలిసి బతికినవి కావు. వంశధారకు వరదొస్తే ఎక్కడెక్కడి దుంగలూ, పశువుల కళేబరాలూ ఒకే ఇసుక మేట మీద చేరతాయి. ప్రాణహిత–గోదావరి లోయలో బారాపాసారస్ అనే పెద్ద డైనోసార్ ఎముకలు, శిలాజమైన చెట్ల మానులు ఒకేచోట దొరికాయి. అలాంటి చోట ఆ జంతువు ఆ చెట్ల కిందే తిరిగిందని చెప్పడానికి వేరే ఆధారం కావాలి. కొన్ని తీరాల్లో పక్కపక్కన పడి ఉన్న రెండు చిప్పల వయసుల మధ్య వేల ఏళ్ల తేడా కూడా ఉంటుంది. అదే గోబీ ఎడారిలో 1971లో దొరికిన జంట సంగతి చూడండి. వెలోసిరాప్టర్ అనే వేటాడే డైనోసార్ కాలిగోరు, ప్రోటోసెరాటాప్స్ అనే మొక్కలు తినే డైనోసార్ మెడ దగ్గరుంది, ప్రోటోసెరాటాప్స్ నోట్లో వెలోసిరాప్టర్ ముంజేయి ఉంది. వరద ఎముకల్ని అలా అమర్చదు.

కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక పలక మీద నాలుగు జాతులుంటే ధర పెరుగుతుంది కాబట్టి విడివిడి ముక్కల్ని అతికించి అమ్మేవాళ్లున్నారు. 1999లో పక్షికీ డైనోసార్‌కీ మధ్య జీవి అని పేరు మోగిన చైనా శిలాజం 'ఆర్కియోరాప్టర్' ఇలాంటిదే. దాని ఒళ్లు ఒక ప్రాచీన పక్షిది, తోక మైక్రోరాప్టర్ అనే చిన్న డైనోసార్‌ది. సీటీ స్కాన్‌లో అతుకులు బయటపడ్డాయి. రాయి చీలినప్పుడు విడిపోయిన, అదే తోకకు సరిపోయే రెండో పలకను శాస్త్రవేత్త షూ షింగ్ చైనాలో పట్టుకున్నారు, అందులో ఉన్నది వేరే ఒళ్లు. కాబట్టి రెండు శిలాజాల మధ్య రాయి రంగు, రేణువు, పగుళ్లు తెగకుండా సాగుతున్నాయా అని భూతద్దంతో చూడాలి. అల్ట్రావయొలెట్ టార్చి కింద చాలా రకాల జిగుర్లు వేరే రంగులో మెరుస్తాయి.

సొంతంగా ఏరుకునే వాళ్లు సేకరణకు అనుమతి ఉన్న చోటే ఏరాలి. రక్షిత శిలాజ స్థలాల్లో ఫొటోతో సరిపెట్టుకోండి. రాయిని కదపకముందే ఫొటో తీసి, పై వైపు ఎటో తెలిసేలా బాణం గుర్తు పెట్టి, ఏ ఊరు, ఏ పొర అన్నది అక్కడికక్కడే రాయండి. బ్రష్షు, నీళ్లు చాలు, యాసిడ్ వద్దు. దారిలో ఊడిపోయిన ముక్క ఎంత చిన్నదైనా దానికీ పెద్ద రాయి నంబరే వేసి, అదే సంచిలో పెట్టండి.