కృష్ణబిలాలు, ఎక్స్-రేలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఉండి కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) మీద పనిచేస్తానంటే చాలామంది అడిగేది, "టెలిస్కోప్ కొండ మీద పెట్టారా సార్?" అని.

అపోహ: ఎత్తైన కొండ, పెద్ద టెలిస్కోప్ ఉంటే చాలు.

వాస్తవం: శేషాచలం ఏంటి, ఎవరెస్ట్ ఎక్కినా లాభం లేదు. మేం కృష్ణబిలాలను గమనించేది ఎక్స్-రేలతో. అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్-రేలను వాతావరణం పైపైనే పీల్చేస్తుంది. (మనం బతికి ఉన్నామంటే అదీ ఓ కారణమే.) సౌరకుటుంబం అవతల తొలి ఎక్స్-రే మూలం స్కార్పియస్ ఎక్స్-1 దొరికింది కూడా 1962లో రాకెట్‌లో డిటెక్టర్లు పంపాకే. ఎక్స్-రేలను గమనించే మన ఉపగ్రహాలు ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబర్ 28న, ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న పైకి వెళ్లాయి. రెండూ ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచే.

అపోహ: కృష్ణబిలం నుంచి వెలుతురే రాదు, ఇక చూసేదేముంది?

వాస్తవం: బిలం నుంచి రాదు, అందులో పడబోయే వాయువు నుంచి వస్తుంది. బిలంతో జతగా తిరిగే జంట నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు తిన్నగా లోపలికి పడదు. చుట్టూ తిరుగుతూ, పళ్లెంలా పరుచుకుని మెల్లగా దిగుతుంది. తిరుమల ఘాట్‌లో బస్సు దిగుతుంటే బ్రేకులు వేడెక్కి వాసన వస్తుందే, ఇదీ అలాంటిదే: దిగేటప్పుడు వదులుకున్న శక్తి రాపిడితో వేడి అవుతుంది. కాకపోతే ఇక్కడ వేడి కోటి డిగ్రీల దాకా పోతుంది. అంత కాగిన వాయువు ఎక్స్-రేలు వెదజల్లుతుంది.

ఇక "దగ్గర్లో ఉన్నదంతా మింగేస్తుంది" అన్నది సినిమా మాట. సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇదే కక్ష్యలో తిరుగుతుంది. చలికి చస్తాం, అది వేరే సంగతి.

అపోహ: మీ దగ్గర ఆస్పత్రి ఎక్స్-రే ఫిల్ముల్లాంటి ఫొటోలు ఉంటాయి.

వాస్తవం: ఆస్పత్రి మిషన్ తనే ఎక్స్-రేలు పంపి మన ఎముకల నీడ పడుతుంది. మేం ఏమీ పంపం, వచ్చినవి లెక్కపెట్టుకుంటాం. మా కంప్యూటర్లో ఉండేది ఓ పొడవాటి పట్టిక. ఒక్కో కాంతి కణానికి, అంటే ఫోటాన్‌కి ఒక వరుస: ఎప్పుడొచ్చింది, ఎంత శక్తితో వచ్చింది. ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ అనే ఎక్స్-రే పరికరం ఆ సమయాన్ని సెకనులో లక్షో వంతు వరకు పట్టుకోగలదు.

సమయం ప్రకారం గీస్తే, జీఆర్ఎస్ 1915+105 అనే కృష్ణబిలం దగ్గరి వెలుగు కొన్నిసార్లు నిమిషానికి అటూ ఇటుగా ఒకసారి చొప్పున, అచ్చం ఈసీజీలా ఎగిసిపడుతుంది. శక్తి ప్రకారం గీస్తే, 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సన్నగా ఉండాల్సిన, పళ్లెంలోని ఇనుము వల్ల వచ్చే గీత తక్కువ శక్తి వైపు సాగి కనిపిస్తుంది. బిలం గురుత్వాకర్షణను దాటి రావడంలో ఆ ఫోటాన్లు శక్తి పోగొట్టుకున్నాయన్నమాట. ఎంత సాగిందో చూసి పళ్లెం లోపలి అంచు బిలానికి ఎంత దగ్గరో అంచనా కడతాం. అసలు టెన్షన్ నేపథ్య సంకేతంతోనే, అంటే మేం చూసే బిలం నుంచి కాకుండా వేరేచోట నుంచి వచ్చి లెక్కలో కలిసేవాటితోనే. ఉపగ్రహం దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోయేటప్పుడు ఆవేశిత కణాల దెబ్బ ఎక్కువ, ఆ డేటా మొత్తం కత్తిరించి పారేయాల్సిందే.

అపోహ: ఎక్స్-రేలు గట్టిగా వస్తే అది కృష్ణబిలమే.

వాస్తవం: పైన చెప్పిన స్కార్పియస్ ఎక్స్-1లో ఉన్నది న్యూట్రాన్ నక్షత్రం, అంటే చచ్చిపోయిన పెద్ద నక్షత్రంలో బాగా కుదించుకుపోయి మిగిలిన గుండె. వెడల్పు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్నా న్యూట్రాన్ నక్షత్రానికి ఉపరితలం ఉంటుంది. దాని మీద పేరుకున్న వాయువు ఒక్కోసారి అణు విస్ఫోటంలా భగ్గుమంటుంది. ఆ మెరుపు కనిపిస్తే కృష్ణబిలం కాదని తేల్చేయొచ్చు. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలదు, ద్రవ్యరాశి కొలవాలి. అందుకు జంట నక్షత్రం కదలికను మామూలు టెలిస్కోప్‌తో గమనించాలి. సిగ్నస్ ఎక్స్-1లో జంట నక్షత్రం 5.6 రోజులకో చుట్టు తిరుగుతోంది. కనిపించని వస్తువు లెక్క సుమారు 21 సూర్యులకు తేలింది. న్యూట్రాన్ నక్షత్రం మూడు సూర్యుల బరువు కూడా మోయలేదు, కాబట్టి అది కృష్ణబిలమే.