పాటకు రంగు ఎవరు పూశారు? ‘రేస్ రికార్డ్స్’ నుంచి ‘అర్బన్’ దాకా అపోహలు - వాస్తవాలు

పాటల కేటలాగు పని చేసేవాళ్లకు పాట పేరు, గాయకుడు, సంవత్సరం, నిడివి నింపడం నిమిషం పని. చెయ్యి ఆగేది ‘జానర్’ (సంగీత శైలి) అనే గడి దగ్గర. మిగతా గడులు పాట గురించి అడుగుతాయి. ఈ ఒక్కటి మాత్రం పైకి పాట గురించి అడుగుతున్నట్టే ఉండి, లోపల పాడినవాళ్ల ఒంటి రంగునో కొనేవాళ్ల పేటనో ఆరా తీస్తుంది. అమెరికాలో ఈ ఆరాకు వందేళ్లు దాటాయి. అక్కడ పుట్టిన పేర్లే ఇవాళ హైదరాబాద్‌లో ర్యాప్ పాడి అప్‌లోడ్ చేసే కుర్రాడి ముందుకూ వస్తున్నాయి.

అపోహ: నల్లజాతి శ్రోతల కోసం తీసిన రికార్డులకు అమెరికా కంపెనీలు వాడిన ‘రేస్ రికార్డ్స్’ అనేది వాళ్లను కించపరచడానికి పెట్టిన పేరు.

వాస్తవం: ఇప్పటి చెవికి అలా వినిపిస్తుంది. 1920లలో మాత్రం షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలే తమవాళ్లను ‘ద రేస్’ అని గర్వంగా రాసుకునేవి. జాతి కోసం నిలబడేవాడు ‘రేస్ మ్యాన్’. 1920 ఆగస్టులో మేమీ స్మిత్ న్యూయార్క్‌లో ‘ఓకే’ అనే రికార్డు కంపెనీకి పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడయ్యాక, నల్లజాతి ఇళ్లలోనూ రికార్డులు కొనేవాళ్లున్నారని కంపెనీలకు తెలిసొచ్చింది. ఆ మరుసటి ఏడు ఓకే వాళ్ల కోసం 8000తో మొదలయ్యే కేటలాగు నంబర్ల వరస తెరిచింది. తర్వాత పారమౌంట్ 12000, కొలంబియా 14000-డి వచ్చాయి. తెల్లజాతి పల్లె సంగీతానికి విడిగా కొలంబియా 15000-డి, ఓకే 45000. నిజానికి ఆ రోజుల్లో తిట్టు అంటూ ఏదైనా ఉంటే అది రెండో వరసకు తగిలించిన ‘హిల్‌బిల్లీ’: కొండల్లో బతికే మోటువాడు అని.

తప్పు పేరులో కంటే వరసలో ఉంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డు చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. కాగితం లేబుల్ మీద అచ్చయింది కేటలాగు నంబరు. ఆ లేబుల్ అంచు దాటాక, పాట గాడులు మొదలయ్యేలోపు ఉన్న నున్నటి భాగంలో చాలా రికార్డులకు ఇంకో నంబరు చెక్కి ఉంటుంది. అది మ్యాట్రిక్స్ నంబరు. మైనం పలక మీద పాట ఎక్కిన వరసలో అది పడుతుంది, పాడింది ఎవరన్నది దానికి పట్టదు. 1923 జూన్‌లో ఓకే తరఫున రాల్ఫ్ పీర్ అట్లాంటా వెళ్లి, తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడు జాన్ కార్సన్‌నూ నల్లజాతి బ్లూస్ గాయనులు ల్యూసిల్ బోగన్, ఫ్యానీ మే గూస్బీలనూ ఒకే మకాంలో రికార్డు చేశాడు. మైకులు ఇంకా స్టూడియోల్లోకి రాని రోజులవి, అందరూ రికార్డింగ్ కొమ్ములోకే పాడారు. విడగొట్టే పని రికార్డింగ్ గదిలో జరగదు. కేటలాగు నంబరు వేసే గుమాస్తా బల్ల దగ్గర జరుగుతుంది.

ఆ బల్ల దగ్గర పొరపాటు పడితే ఏమవుతుందో ఆలెన్ బ్రదర్స్ ఉదంతం చూపిస్తుంది. చాటనూగాకు చెందిన ఈ తెల్లజాతి అన్నదమ్ముల బ్లూస్ పాటను కొలంబియా 14000-డి వరసలో, అంటే నల్లజాతి కేటలాగులో విడుదల చేసింది. వాళ్లు దావా వేస్తామని బెదిరించి, కంపెనీ మారి విక్టర్‌కు వెళ్లిపోయారు. విని చెబుదామంటే కంపెనీ మనుషులకే తేడా తెలియలేదన్నమాట! మిసిసిపీ షీక్స్ సంగతి ఇంకో రకం. వాళ్లు నల్లజాతి తీగవాద్య బృందం. బ్లూస్ పాటలు ఓకే 8000 వరసలో వచ్చాయి, ఫిడేలు మీద వాయించిన వాల్ట్జ్ నాట్య బాణీలు 45000 వరసలోకి, అంటే తెల్లజాతి కేటలాగులోకి పోయాయి.

అసలు నష్టం తర్వాత తేలింది. నల్లజాతి వాద్యకారుడు స్టూడియోకొస్తే ‘బ్లూస్ ఉందా?’ అని అడిగేవారు. వాడికొచ్చిన ఫిడేలు పాటలకు ఆ వరసలో చోటు లేదు గనక చాలామటుకు రికార్డే కాలేదు. నేడు పాత రికార్డులు మాత్రమే విని చరిత్ర రాసేవాళ్లకు, నల్లజాతివాళ్లు ఫిడేలు పట్టలేదేమో అనిపించడానికి కారణం ఇదే.

అపోహ: ఆర్ అండ్ బీ, సోల్ అనేవి నాదానికి పేర్లు. చార్టు ఆ నాదాన్నే లెక్కపెడుతుంది.

వాస్తవం: అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ నల్లజాతి సంగీతానికి నడిపిన చార్టు (పాటల ర్యాంకుల పట్టిక) పేర్లు వరసపెట్టి చదవండి. 1942లో ‘హార్లెమ్ హిట్ పరేడ్’. 1945లో ‘రేస్’. 1949 జూన్‌లో, అప్పట్లో అక్కడ పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ సూచనతో ‘రిథమ్ అండ్ బ్లూస్’, పొట్టిగా ఆర్ అండ్ బీ. 1969లో ‘సోల్’. 1982లో నేరుగా ‘బ్లాక్’. 1990లో మళ్లీ ‘ఆర్ అండ్ బీ’. మొదటి పేరు న్యూయార్క్‌లోని ఒక పేట పేరు. ఏ అంగళ్లలో అమ్ముడైందో, ఏ స్టేషన్లలో మోగిందో దాన్ని లెక్కపెట్టిన పట్టిక ఇది. మధ్యలో 1963 నవంబరు నుంచి 1965 జనవరి దాకా ఈ చార్టునే ఎత్తేశారు, పాప్ చార్టులో ఎలాగూ అవే పాటలు ఉంటున్నాయి కదా అని. సంగీతమేమీ ఆగిపోలేదు, ఆ పద్నాలుగు నెలలూ లెక్క మాత్రమే లేదు.

2012 అక్టోబరులో లెక్క పద్ధతే మారింది. అంతవరకూ ఆ జానర్‌కే చెందిన రేడియో స్టేషన్ల ప్రసారాలు చూసేవారు. ఆ తర్వాత అన్ని రకాల స్టేషన్లూ, స్ట్రీమింగూ కలిపారు. దాంతో పాప్ రేడియోలో దుమ్మురేపే పాట ఆర్ అండ్ బీ చార్టులోనూ నెలల తరబడి పైనే కూర్చుంది. ఆ పేటలో ఏది నడుస్తోందో తెలుసుకోవాలంటే ఇక ఆ చార్టు చాలదు. కాబట్టి 2012కు ముందు నంబర్ వన్‌నూ తర్వాతి నంబర్ వన్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

అపోహ: కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లె సంగీతం) తెల్లవాళ్లది.

వాస్తవం: కంట్రీలో మోగే తీగవాద్యం బాంజో పూర్వరూపాలు పశ్చిమాఫ్రికావి. జోలా ప్రజల అకోంటింగ్‌ను చూస్తే చాలు: సొరకాయ బుర్ర, దాని మీద బిగించిన తోలు, బొటనవేలితో మీటే పొట్టి తీగ. బానిసలుగా వచ్చినవాళ్లతో ఈ నమూనా అట్లాంటిక్ దాటింది. నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ రేడియో కార్యక్రమం తొలి తారల్లో మౌతార్గాన్ వాయించిన డిఫోర్డ్ బెయిలీ నల్లజాతివాడు. 1930లో తెల్లజాతి కంట్రీ గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ పాడిన ‘బ్లూ యోడెల్’ తొమ్మిదో పాటలో ట్రంపెట్ నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది.

అయినా 2019 మార్చిలో నల్లజాతి గాయకుడు లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తీసేశారు, కంట్రీ లక్షణాలు చాలలేదంటూ. అదే పాట ప్రధాన చార్టులో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2024 ఫిబ్రవరిలో బియాన్సే పాట అదే కంట్రీ చార్టులో మొదటికెక్కింది, నల్లజాతి మహిళకు అక్కడ అది తొలిసారి. ఒక్క చిన్నమాట: హిప్‌హాప్‌లో వాడే ‘808’ డ్రమ్ మెషిన్ మోత మీద తెల్లజాతి గాయకులు పాడిన కంట్రీ పాటలు అప్పటికే ఆ చార్టులో బోలెడున్నాయి. లక్షణాల పరీక్ష అందరికీ ఒకేలా పెట్టలేదు.

అపోహ: నల్లజాతి సంగీతానికి ‘అర్బన్’ అనేది మర్యాదైన మాట, ఎక్కడ వాడినా ఇబ్బంది లేదు.

వాస్తవం: ఎక్కడ వాడుతున్నామన్నదే ఇక్కడ మొత్తం ప్రశ్న. ‘అర్బన్ కాంటెంపరరీ’ 1970లలో న్యూయార్క్ డబ్ల్యూబీఎల్‌ఎస్ రేడియో స్టేషన్‌లో వ్యాఖ్యాత ఫ్రాంకీ క్రాకర్ వాడుకలోకి తెచ్చిన మాట. ఆయన నల్లజాతివాడే. సోల్, డిస్కో, జాజ్, పాప్ ఏదైనా వేసుకునే వీలు దాంతో దొరికింది. ప్రకటనకర్తలకు ‘బ్లాక్ స్టేషన్’ అంటే జంకు, ‘అర్బన్’ అంటే లేదు. క్రమంగా కంపెనీల్లో అదే నల్లజాతి విభాగానికి ముసుగు పేరైంది. 2020 జూన్‌లో రిపబ్లిక్ రికార్డ్స్ కంపెనీ ఆ మాట వాడకం మానేసింది. అదే నెలలో గ్రామీ ‘అర్బన్ కాంటెంపరరీ’ విభాగాన్ని ‘ప్రోగ్రెసివ్ ఆర్ అండ్ బీ’గా మార్చింది.

స్పానిష్‌లోకి వెళ్తే కథ వేరు. ‘ఊర్బానో’ అంటే రెగెటోన్, లాటిన్ ట్రాప్ లాంటి స్పానిష్ నృత్య, ర్యాప్ శైలులు. పాడేవాళ్లే తమది ‘మూసికా ఊర్బానా’ అంటారు. లాటిన్ గ్రామీలో ఆ విభాగం అలాగే ఉంది. ఇంగ్లిష్‌లో మానేసిన మాటల జాబితా చూసి స్పానిష్ కేటలాగులో ‘అర్బన్’ను వెతికి తీసేశారంటే సగం ప్యూర్టోరికో మాయమవుతుంది. ఫ్రాన్స్‌లోనూ ‘మ్యూజిక్ ఊర్బెన్’ మామూలు మాటే. జాతి ప్రాతిపదికన జనాభా లెక్కలు తీయడాన్నే కట్టడి చేసిన దేశమది, కాబట్టి రంగు చెప్పాల్సిన చోట ఊరు చెప్పడం వాళ్లకు అలవాటు.

బ్రిటన్ పద్ధతి ఇంకొకటి. 1996లో కాన్యా కింగ్ మొదలుపెట్టిన మోబో అవార్డుల పూర్తి పేరు ‘మ్యూజిక్ ఆఫ్ బ్లాక్ ఆరిజిన్’. అంటే ప్రశ్న పాట పుట్టుకది. పాడేవాళ్లు ఏ రంగైనా కావచ్చు. జర్మనీలో ‘బ్లాక్ మ్యూజిక్’ అని క్లబ్బు పోస్టరు మీద కనిపిస్తే హిప్‌హాప్, ఆర్ అండ్ బీ వేస్తారని అర్థం, అంతకుమించి లోతు లేదు. జపాన్, కొరియాల్లోనూ ఈ మాట శైలి పేరుగానే నడుస్తుంది. అక్కడివాళ్లు దాన్ని గౌరవంగానే వాడతారు, విన్న అమెరికన్ ఉలిక్కిపడతాడు.

అపోహ: రంగు పేరు తీసేస్తే వివక్ష పోయినట్టే.

వాస్తవం: ఆ పేరు వెనక బడ్జెట్ ఉంటుంది, ఉద్యోగాలుంటాయి. 1978లో ఏర్పడిన బ్లాక్ మ్యూజిక్ అసోసియేషన్ ‘బ్లాక్’ మాటను కావాలనే నెత్తికెత్తుకుంది. మరుసటి జూన్‌లో అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్‌లో ఆ సంగీతానికి వేడుక జరిపాడు. పేరు మార్చి, విభాగాన్నీ మూసేస్తే ఆ పాటల్ని రేడియోలకు మోసుకెళ్లే మనుషులే పోతారు. పాత పేరు ఎత్తేసే ముందు ఆ పేరు మీద ఎవరి జీతం నడుస్తోందో అడగాలి.

అపోహ: పేరు పేరే, పాటకు దాంతో ఏం నష్టం?

వాస్తవం: వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ ప్రసార సంస్థ 1960లో నల్లజాతివాళ్ల కోసం రేడియో బంటూ పెట్టింది. జులూకు ఒక స్టేషన్, షోసాకు ఒకటి, సోథోకు ఒకటి. జానీ క్లెగ్, సిఫో మ్చును నడిపిన జులూకా బృందం ఒకే పాటలో జులూ, ఇంగ్లిష్ కలిపేసరికి ఏ స్టేషన్‌కూ పనికిరాకుండా పోయింది. మనవాళ్లకూ ఇందులో వాటా ఉంది: 1983లో వచ్చిన రేడియో లోటస్ భారతీయ మూలాలవాళ్ల కోసం. డర్బన్ తెలుగువాళ్లు తమిళం, హిందీ, ఉర్దూ, గుజరాతీ వాళ్లతో కలిసి ఒకే గొడుగు కిందికి చేరారు.

అపోహ: మనం ‘వరల్డ్ మ్యూజిక్’ (పాశ్చాత్యేతర సంగీతమంతటికీ వాడే పేరు) కిందికే వస్తాం.

వాస్తవం: ఆ మాటను 1960లలో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో వ్యాప్తిలోకి తెచ్చిన రాబర్ట్ బ్రౌన్ మృదంగం మీదే పరిశోధన చేశాడు, కాబట్టి మొదట్లో అందులో మనకు గౌరవమే ఉండేది. 1987లో లండన్‌లోని ఒక పబ్బులో చిన్న కంపెనీలవాళ్లు కూర్చుని దాన్ని అంగడి అర పేరుగా ఖాయం చేసుకున్నారు. అరలేని రికార్డును దుకాణదారుడు తీసుకోడు, అదే వాళ్ల బాధ. గ్రామీ 2020లో దాన్ని ‘గ్లోబల్’ అని మార్చింది. అర అదే, పైన చీటీ కొత్తది.

తెలుగులో ర్యాప్ పాడినవాళ్లు మొదటి జానర్‌గా ‘హిప్‌హాప్/ర్యాప్’ పెట్టి, భాష గడిలో ‘తెలుగు’ నింపాలి. కొన్ని ఆన్‌లైన్ పాటల దుకాణాల జాబితాల్లో ‘ఇండియన్’ కింద ‘తెలుగు’ అనేదే ఒక జానర్‌గా ఉంటుంది. దాన్ని రెండోదిగా పెట్టుకోండి. మొదటిదిగా పెడితే మీ ర్యాప్ సినిమా పాటలు, భక్తి పాటల మధ్య పడుతుంది, ర్యాప్ వెతికేవాడికి దొరకదు. అన్నట్టు, మన ‘ఫోక్’ ట్యాగు కూడా కాస్త అనుమానంగానే చూడదగ్గది. డప్పూ తోలే, మృదంగమూ తోలే. ఒకటి ఫోక్, ఇంకొకటి క్లాసికల్ కావడంలో తాళం పాత్ర ఎంతో, కులం పాత్ర ఎంతో ఆలోచించండి.

అపోహ: గడి ఒకటే కాబట్టి అన్నీ అందులోనే కుక్కాలి.

వాస్తవం: గ్రంథాలయాలవాళ్లు దీన్ని ఎప్పుడో విడదీశారు. మార్క్ (MARC) అనే గ్రంథాలయ కేటలాగు పద్ధతిలో ఒక్కోదానికి ఒక్కో నంబరు గడి: జానర్‌కు 655, వాద్యాలకు 382, ఉద్దేశించిన శ్రోతలకు 385, సృష్టికర్త ఏ సమూహానికి చెందినవారన్నదానికి 386. ‘రేస్ రికార్డ్స్’ ఈ నాలుగింటినీ ఒకే మాటలో కలిపేసింది. 386ను కళాకారుడు తన గురించి తాను చెప్పుకుంటేనే నింపండి, ఫొటో చూసి నింపకండి.

ఎంపీ3 ఫైళ్లలో అంత వెసులుబాటు లేదు. పాట వివరాల్ని ఫైల్లోనే దాచే ఐడీ3 (ID3) ట్యాగు 1996 నాటి మొదటి వెర్షన్‌లో ఫైలు చివర 128 బైట్లు. గుర్తుకు 3, పాట, గాయకుడు, ఆల్బమ్‌లకు ముప్ఫయ్యేసి, ఏడాదికి 4, వ్యాఖ్యకు 30, జానర్‌కు ఒకే ఒక్క బైటు. ఆ బైటులో 14 అంటే ఆర్ అండ్ బీ, 2 కంట్రీ, 48 ‘ఎత్నిక్’. కర్ణాటక సంగీతానికి అంకే లేదు. పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్ విన్యాంప్ తర్వాత చేర్చిన వాటిలో 133వది జర్మన్ తిట్టుపదంతో మొదలయ్యే పంక్ పేరు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని ‘ఆఫ్రో-పంక్’ అని చూపిస్తాయి, పాతవి ఆ తిట్టునే చూపిస్తాయి. పాత సేకరణ ఎక్కించేటప్పుడు ఫైలు చివరి బైటును విడిగా చదివి, 133 ఉన్నవాటిని ఏరి, జానర్‌ను ఐడీ3 రెండో వెర్షన్‌లో దానికోసమే ఉండే టీకాన్ (TCON) ఫ్రేమ్ అనే గడిలో మాటగా రాసి, పాత అంకెను వ్యాఖ్య గడిలో ఉంచండి. ఆ బైటును ఖాళీ చేయాలంటే 255 వేయాలి. సున్నా వేశారంటే అది ‘బ్లూస్’ అయిపోతుంది.