మేడే: మన మీటింగుల్లో చెప్పుకునే కథలు, అసలు చరిత్ర (అపోహలు - వాస్తవాలు)

కార్మిక సంఘంలో క్లాసులు చెప్పడం నా పని. హమాలీలు, మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు వస్తుంటారు. ఏప్రిల్ చివరి వారంలో మేడే గురించి మాట్లాడుకుంటే కొన్ని మాటలు ప్రతిసారీ వినిపిస్తాయి. వాటిలో కొన్ని వేదికల మీద నాయకులు చెప్పినవే. మనం ఏటా జోహార్లు అర్పించే మనుషుల కథ కాబట్టి, దాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలని నా పట్టుదల.

అపోహ: 1886 మే 1న చికాగోలో కాల్పులు జరిగాయి. చనిపోయిన కార్మికుడి రక్తంలో తడిసిన చొక్కానే ఎర్రజెండా అయింది.

వాస్తవం: మే 1న చికాగోలో కాల్పులు జరగలేదు. ఎనిమిది గంటల పనిదినం కోసం ఆ రోజు అమెరికా అంతటా సమ్మె మొదలైంది. పాల్గొన్నవాళ్లు మూడు లక్షలకు పైనే ఉంటారని అంచనా. చికాగోలో ఆ రోజు ప్రశాంతంగానే గడిచింది. మే 3న మెక్‌కార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మే 4 రాత్రి హే మార్కెట్‌లో సభ పెట్టారు. నగర మేయర్ స్వయంగా వచ్చి చూసి, అంతా సవ్యంగానే ఉందని వెళ్లిపోయాడు. వాన రావడంతో జనం పలచబడ్డారు. సభ ముగిసే సమయానికి పోలీసులు వచ్చి వెళ్లిపొమ్మన్నారు. అప్పుడే ఎవరో బాంబు విసిరారు. ఆ పేలుడులో, ఆ వెంటనే జరిగిన కాల్పుల్లో ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు సామాన్యులు చనిపోయారు. ఆ బాంబు విసిరింది ఎవరో ఈ రోజుకీ తేలలేదు.

కేసు మాత్రం ఎనిమిది మంది కార్మిక ఉద్యమకారుల మీద పెట్టారు. బాంబు వాళ్లు విసిరారని రుజువు కాలేదు. వాళ్ల ప్రసంగాలను, రాతలను చూపించి శిక్ష వేశారు. 1887 నవంబర్ 11న పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్‌లను ఉరితీశారు. లింగ్ ముందు రోజే జైల్లో చనిపోయాడు. మిగిలిన ముగ్గురినీ 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విడుదల చేశాడు. విచారణ న్యాయంగా జరగలేదని ఆయన క్షమాభిక్ష ఉత్తర్వులోనే వివరంగా రాశాడు. మన ప్రసంగాల్లో చొక్కా కథకు దొరికే చోటు ఈ ఉత్తర్వుకు దొరకదు. నాకు బాధ కలిగించేది అదే. నేరం రుజువు కాకుండా ఉరి వేశారన్న నిజం కంటే కదిలించే కథ ఇంకేం కావాలి?

ఎర్రజెండా అంతకన్నా పాతది. 1831లో వేల్స్‌లోని మెర్థర్ తిరుగుబాటులో కార్మికులు ఎర్రజెండా ఎత్తారు. 1871లో పారిస్ కమ్యూన్, అంటే అక్కడి కార్మికులు కొద్దికాలం నడిపిన ప్రభుత్వం, దాని జెండా కూడా అదే.

అపోహ: మేడే రష్యా నుంచి వచ్చింది.

సోవియట్ కాలంలో మే 1న మాస్కోలో జరిగిన పరేడ్లు చూసి చాలామంది అలా అనుకున్నారు. నిజానికి 1889లో పారిస్‌లో కలిసిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభ 1890 మే 1న అన్ని దేశాల్లో ఎనిమిది గంటల పని కోసం ప్రదర్శనలు జరపాలని పిలుపునిచ్చింది. అప్పటికి రష్యా విప్లవానికి ఇంకా 27 ఏళ్లు ఉంది. అసలు ఎనిమిది గంటల పనిని ముందు గెలుచుకున్నవాళ్లలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ తాపీమేస్త్రులు, రాతిపని వాళ్లు ఉన్నారు. అది 1856 సంగతి.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఇంకో మాట అడుగుతారు: మేడే పుట్టిన దేశంలో ఆ రోజు సెలవెందుకు లేదు? అక్కడి లేబర్ డే సెప్టెంబర్ మొదటి సోమవారం. దాని మొదటి ఊరేగింపు 1882 సెప్టెంబర్ 5న న్యూయార్క్‌లో జరిగింది, అంటే చికాగో ఘటనలకు ముందే. 1894 జూన్ 28న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సంతకంతో అది జాతీయ సెలవైంది. రైలు పెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ సమ్మెలో సైనికుల చేతిలో కార్మికులు చనిపోయాక పరిహారంగా ఆ సెలవిచ్చారని చెబుతుంటారు. తేదీలు చూస్తే అది కుదరదు. సైన్యం చికాగోలో దిగింది జూలైలో.

అపోహ: మన దేశంలో మేడే మొదట బొంబాయిలోనో కలకత్తాలోనో జరిగింది.

మొదట జరిగింది మద్రాసులో, 1923 మే 1న, కార్మిక నాయకుడు సింగారవేలు చెట్టియార్ చొరవతో. హైకోర్టు ఎదుటి బీచ్‌లో ఒక సభ, ట్రిప్లికేన్ బీచ్‌లో ఇంకొకటి. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి అది మన చరిత్ర కూడా. మే 1ని సెలవుగా ప్రకటించాలని ఆ రోజే అడిగారు. అన్ని సంఘాలూ మేడేనే జరుపుకుంటాయనుకోవడం కూడా పొరపాటే. భారతీయ మజ్దూర్ సంఘ్ విశ్వకర్మ జయంతిని జాతీయ కార్మిక దినంగా పాటిస్తుంది.

అపోహ: ఎనిమిది గంటల పని చికాగో తర్వాత దానంతటదే వచ్చేసింది.

మన దేశంలో 1911 చట్టం మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటల పరిమితి పెట్టింది. 1922లో అది 11 గంటలు, 1934లో 10 గంటలు అయింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ కాలంలో జరిగిన కృషితో 1946 సవరణ వారానికి 48 గంటలకు తెచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48, రోజుకు 9 గంటలనే రాసింది. మరి 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వాణిజ్య సంస్థల వరకు తెలంగాణ ప్రభుత్వం రోజు పరిమితిని 10 గంటలకు పెంచే నిర్ణయాలు తీసుకున్నాయి. వారపు 48 అలాగే ఉందని చెబుతారు. కానీ పది గంటల పనికి బస్సు ప్రయాణం కలిపితే ఇంట్లో పిల్లలు మేలుకుని ఉండగా ఎంతసేపు ఉంటామో లెక్కేసుకోండి. చికాగోలో అడిగిందీ ఆ సమయాన్నే.

అపోహ: మేడే సెలవు గవర్నమెంటు ఉద్యోగులకే, ప్రైవేటులో యజమాని దయ.

ఇది అన్నిటికంటే నష్టం చేసే అపోహ. మే 1 కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల సెలవుల జాబితాలో ఉండదు. కానీ ఫ్యాక్టరీలకు, సంస్థలకు వర్తించే 1974 నాటి సెలవుల చట్టం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. దాని ప్రకారం జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2లతో పాటు మే 1 కూడా జీతంతో కూడిన సెలవు. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు వేతనమైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనంతో పాటు ఇంకో రోజు జీతంతో సెలవైనా ఇవ్వాలి. పొద్దున జెండా ఎగరేసి, డప్పుల ఊరేగింపులో నడిచి, మధ్యాహ్నం నుంచి డ్యూటీకి వెళ్లేవాళ్లు ఎందరో. వెళ్లినవాళ్లు హాజరు రిజిస్టర్‌లో మే 1న తమ పేరు పడిందో లేదో చూసుకోవాలి. కాంట్రాక్టర్ వేరే తేదీ వేస్తే ఆ రెట్టింపు అడగడానికి చేతిలో ఆధారం మిగలదు.