అమ్ములపొది: అపోహలు - వాస్తవాలు

విశాఖలో "అమ్ములపొది" అనే మాట పేపర్లో ఎక్కువగా నౌకాదళం వార్తల్లోనే కనిపిస్తుంది. కొత్త నౌక వచ్చినా, కొత్త క్షిపణి వచ్చినా "అమ్ములపొదిలో మరో అస్త్రం" అని హెడ్డింగ్ పెడతారు. నేను చేసేది అసలు అమ్ములపొది. తోలు కోసి, ఆరెతో తూట్లు పొడిచి, రెండు సూదులతో కుట్టి, బాణాలు పెట్టుకోవడానికి చేసేది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచాక, పిల్లల్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు పెరిగారు. వాళ్ళు నమ్మి వచ్చే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: తోలు ఎంత మందంగా ఉంటే అమ్ములపొది అంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. మందం కంటే ముందు చూడాల్సింది ఆ తోలుని దేనితో పదును చేశారన్నది, అంటే పచ్చి తోలు కుళ్ళకుండా దేనిలో ఊరబెట్టారన్నది. బజార్లో దొరికే వాటిలో ఎక్కువ భాగం క్రోమ్ టాన్. క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో పదును చేసేస్తారు. మెత్తగా ఉంటుంది, నీళ్ళకి తట్టుకుంటుంది, బ్యాగులకి, సోఫాలకి, బూట్ల పైభాగానికి బాగుంటుంది. కానీ తడిపి అచ్చుకి బిగిస్తే ఆ రూపంలో నిలబడదు. నెల తిరిగేసరికి అమ్ములపొది మూతి జారిపోయి, బాణం తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో మూతి తెరవాల్సి వస్తుంది.

వెజ్ టాన్ అంటే చెట్ల బెరడుతో, కాయలతో పదును చేసిన తోలు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. వీటిలోని వగరు తోలులోని పీచుని పట్టి బిగిస్తుంది. కరక్కాయ ముక్క నమిలితే నాలుక బిగుసుకుపోతుంది చూడండి, తోలుకి జరిగేదీ అదే. ఈ తోలుని తడిపి, కర్ర అచ్చు చుట్టూ ఒత్తి, నీడన ఆరబెడితే ఆ గుండ్రదనం అలాగే ఉండిపోతుంది.

మా తాత శృంగవరపుకోట దగ్గర పల్లెలో లంద (తోళ్ళు ఊరబెట్టే తొట్టి) పెట్టి తోళ్ళు పదును చేసేవాడు. సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుక తీయడం, తర్వాత తంగేడు చెక్క నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టడం, మధ్యలో నీళ్ళ రంగు చూసి చెక్క మార్చడం. ఆ వాసనకి జనం దూరంగా తప్పుకుని నడిచేవారు. అదే జనానికి మోట బావి దగ్గర తోలు బొక్కెన, కాలికి చెప్పు లేకపోతే సేద్యం సాగేది కాదు. తరతరాలుగా మా వాళ్ళ చేతుల్లో ఉన్న ఆ లెక్కంతా రసాయన శాస్త్రమే. దాన్ని ఎవరైనా తక్కువ పని అంటే నాకు ఇప్పటికీ మనసు కష్టపడుతుంది.

కొనేటప్పుడు ఎలా తెలుసుకోవాలి? కోసిన అంచు చూడండి. లోపల నీలంగానో బూడిద రంగుగానో ఉంటే క్రోమ్ అనుకోవచ్చు, పూర్తిగా గోధుమ రంగులో ఉంటే వెజ్ టాన్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంకా అనుమానం ఉంటే గోరంత ముక్క మరిగే నీళ్ళలో వేయండి. వెజ్ టాన్ ముడుచుకుపోయి చెక్కలా గట్టిపడుతుంది. క్రోమ్ పెద్దగా మారదు. ఒకసారి ఒక వ్యాపారి వెజ్ టాన్ అని నమ్మకంగా చెప్పి, రంగు వేసిన క్రోమ్ తోలు నాకు అంటగట్టాడు. అప్పటినుంచి ప్రతి తోలుకీ ఈ పరీక్ష చేశాకే కత్తి పెడుతున్నాను.

ఇక మందం సంగతి. నడుముకి కట్టుకునేదానికి మూడు మిల్లీమీటర్లు చాలు, బెల్టుకి మూడున్నర. వీపుకి వేసుకునేదానికైతే రెండున్నరే నయం. అది కొంచెం వంగి బాణాల మీదికి ఒరిగితేనే బాణాలు కదలకుండా ఉంటాయి. బిర్రుగా ఉంటే అడుగు వేసినప్పుడల్లా గలగలమంటాయి.

అపోహ: అసలైన అమ్ములపొది వీపుకే ఉండాలి. నడుముకి కట్టేది ఇప్పటి ఫ్యాషన్.

వాస్తవం: రాముడి పటం చూసి పెరిగిన వాళ్ళం కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ గుర్రం మీద నుంచి బాణం వేసినవాళ్ళు, వేల ఏళ్ళ కిందట సిథియన్లనే సంచార జాతి వాళ్ళు, వందల ఏళ్ళ కిందట తుర్కులు కూడా, నడుముకే కట్టుకున్నారు.

మొన్న గాజువాక నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చారు. పాపకి పన్నెండేళ్ళుంటాయి. "బాబూ, మా అమ్మాయికి రాముడిలాగ వీపు మీద ఉండేది కావాలండి," అన్నారు. నేను షాపులో ఉన్న ఒకటి పాప వీపుకి తగిలించి, ఆరు బాణాలు వేసి, "ఇప్పుడు టార్గెట్ దగ్గరికి వెళ్ళి కింద పడిన బాణం తీస్తున్నట్టు వంగమ్మా," అన్నాను. వంగింది. ఆరింట్లో నాలుగు తల మీదుగా జారి నేల మీద పడ్డాయి. "నాన్నా, నడుముకే కట్టించు," అంది పాప.

మైదానంలో నిలబడి టార్గెట్ కొట్టేవాళ్ళకి నడుముదే సుఖం. చెయ్యి కిందికి వేస్తే బాణం దొరుకుతుంది, భుజం ఎత్తక్కర్లేదు. అర్హత రౌండులో 72 బాణాలు వేయాలి, భుజాన్ని అన్నిసార్లు అనవసరంగా ఎత్తడం దేనికి?

అపోహ: మిషన్ కుట్టు, చేతి కుట్టు ఒకటే. చేతి కుట్టుకి ఊరికే ఎక్కువ అడుగుతారు.

వాస్తవం: మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయంతే. ఒకచోట అరిగి తెగితే పక్క కుట్లు కూడా వదులైపోతాయి. చేతి కుట్టులో ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు. ప్రతి తూటులోంచీ రెండూ ఎదురెదురుగా వెళ్తాయి. ఒకవైపు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. అరవై సెంటీమీటర్ల కుట్టుకి, నాలుగు మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున నూట యాభై తూట్లు. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు తీసుకుని, తేనెమైనం పట్టించి, ప్రతి తూటు దగ్గరా రెండు చేతులా ఒకే బలంతో లాగాలి. డబ్బు తీసుకునేది ఆ లాగుడుకే.

అపోహ: సముద్రపు గాలి తోలుని తినేస్తుంది. విశాఖలో తోలు సామాను నిలవదు.

వాస్తవం: ఉప్పుగాలి ముందు తినేది తోలుని కాదు, దానికి కొట్టిన ఇనుప రివెట్లని. నేను మొదట్లో మెరుగు పూత ఉన్న ఇనుప రివెట్లు వాడాను. ఒక వానాకాలం గడిచేసరికి పూత లేచిపోయి, ప్రతి రివెట్ చుట్టూ రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ పడింది. బూజనుకుని తుడిచాను, పోలేదు. తర్వాత తెలిసింది. ఇనుముకి వగరు తగిలితే నలుపు పుడుతుంది. కలంకారీ వాళ్ళు గుడ్డకి కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే నల్లగీత వచ్చేది ఇందుకే. గుడ్డ మీద అందం, నా తోలు మీద మచ్చ. ఆ మచ్చ చోట తోలు పెళుసెక్కుతుంది కూడా. అప్పటినుంచి ఇత్తడి, రాగి తప్ప వేరేది వాడలేదు.

తోలుకి ఇక్కడ అసలు శత్రువు తేమ. గాలి ఆడకపోతే బూజు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తడుస్తాయన్న టెన్షన్‌తో ఐదు అమ్ములపొదుల్ని పాలిథిన్ కవర్లలో బిగించి కట్టాను. మిగతా మూడు లోపలి గదిలో మేకులకి వేలాడుతున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. విప్పి చూస్తే కవర్లలోవాటి మీద తెల్లగా బూజు అల్లుకుంది. వేలాడినవి శుభ్రంగా ఉన్నాయి. పాత నూలు సంచిలో పెట్టండి, లేదా గాలి తగిలేచోట తగిలించండి.

అపోహ: నూనె ఎంత పట్టిస్తే అంత మంచిది.

వాస్తవం: ఏడాదికి ఒకటి రెండుసార్లు, గుడ్డతో పల్చగా చాలు. కొబ్బరినూనె వారం వారం రాసి తెచ్చినవి చూశాను, పీచు వదిలేసి గుడ్డసంచిలా అయిపోయాయి. తడిస్తే ఎండలో పెట్టొద్దు, ముడుచుకుపోతుంది. లోపల పాత కాగితాలు కూరి నీడన ఆరబెట్టండి.

అపోహ: జింక తోలుతో చేసిందే శ్రేష్ఠం.

వాస్తవం: పూర్వం వాడారు, నిజమే. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఐదువేల ఏళ్ళ నాటి మనిషి దగ్గర పద్నాలుగు బాణాలతో ఉన్న అమ్ములపొది జింక జాతి తోలుదే. కానీ మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అడిగినవాళ్ళకి నేను చేయను. గేదె తోలు, లోపల మేక తోలు అస్తరు చక్కగా సరిపోతాయి.

అపోహ: అన్ని బాణాలకీ ఒకటే సైజు.

వాస్తవం: ఆర్డర్ ఇచ్చేటప్పుడు బాణాలు వెంట తెచ్చుకోండి. ఈకలు, వాటి కింద నాలుగు వేళ్ళ మేర బయట ఉండాలి, మిగతాది లోపల. మొనలు గుచ్చుకునే అడుగుకి చెప్పు అట్టకి వాడే గట్టి తోలు రెండు పొరలు వేస్తాను. గాజువాక పాప బాణాలు ఇప్పుడు పొట్టివి. చేతులు సాగేకొద్దీ బాణం కూడా పెరుగుతుంది. అందుకే లోతు రెండంగుళాలు ఎక్కువ పెట్టి, అడుగున తీసేయడానికి వీలుగా ఒక తోలు దిండు వేసి ఇచ్చాను.